తాబేళ్లు చూపిస్తే డబ్బులొస్తున్నాయి, ఇంక డిగ్రీ ఎందుకు సార్?

ప్రశ్న: సార్, మాది ఒడిశా గంజాం జిల్లాలో రుషికుల్య నది మొగ దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం, బయాలజీ ఉంది. నాన్న చేపల వేటకెళ్తారు. తాబేళ్లు గుడ్లు పెట్టే సీజన్‌లో నేను టూరిస్టులను రాత్రిపూట ఒడ్డుకు తీసుకెళ్తాను, ఒక్కోరోజు ఎనిమిది వందలు కూడా వస్తాయి. డిగ్రీ మానేసి, అప్పు తెచ్చి బోటు కొని టూరిస్టులను తిప్పుకుందామని ఉంది. మామయ్య మాత్రం భువనేశ్వర్‌లో టూరిజం బీబీఏ చెయ్యమంటున్నాడు. నాన్నకి తాబేలు పేరెత్తితేనే కోపం, 'దానివల్లే వేట పోయింది, మళ్లీ దాన్ని పట్టుకునే బతుకుతావా' అంటారు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

బాబూ, ముందు బోటు సంగతి తేల్చేద్దాం. వద్దు. అప్పు చేసి అయితే అస్సలు వద్దు. 2023లో మీ ఒడ్డున ఆరు లక్షల పైచిలుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టాయి, ఊరు జాతరలా ఉండి ఉంటుంది. మరుసటి ఏడాది? గుంపుగా రానేలేదు. 2019లోనూ అంతే. ఒడ్డు కోసుకుపోయిందనీ, మొగ జరిగిందనీ కారణాలు ఎన్నో చెబుతారు గానీ బ్యాంకు వాళ్లకి అవేం పట్టవు, వాయిదా నెలనెలా కట్టాల్సిందే. పోనీ వచ్చాయే అనుకో, ఆ గుంపు సందడి వారం పది రోజులు, తర్వాత నెలన్నరకో రెండు నెలలకో పిల్లలు బయటికొచ్చే రాత్రులు కొన్ని. మిగతా ఏడాదంతా ఆ బోటు ఏం చేస్తుంది? లెక్క వేసి చూడు.

ఇప్పుడు నువ్వు చేస్తున్న పని గురించి ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. రాత్రి ఒడ్డుకు తీసుకెళ్లినప్పుడు టార్చి ఎవరి చేతిలో ఉంటుంది? నీళ్లలోంచి పైకొస్తున్న తాబేలు మహా బెదురు, వెలుగు కనబడినా మనుషులు కదిలినా గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. గొయ్యి తవ్వి గుడ్లు పెట్టడం మొదలెట్టాక మాత్రం పక్కన ఏం జరుగుతున్నా అంతగా పట్టించుకోదు, దాంతో జనం 'చూశారా, దానికేం ఇబ్బంది లేదు' అనుకుని వీపు మీద చెయ్యేసి సెల్ఫీలు దిగుతారు. పిల్లల సంగతి ఇంకా ఘోరం. ఇసుకలోంచి బయటపడ్డ పిల్ల ఎటువైపు వెలుతురు ఎక్కువుంటే అటే పాకుతుంది, దానికి అదే సముద్రం. రిసార్టు లైటయినా, బైకు హెడ్‌లైటయినా, నీ టూరిస్టు ఫోనయినా ఒకటే, ఊరివైపు వచ్చేస్తుంది, ఇక కుక్కలూ కాకులూ. పైగా 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జంతువు, పులి ఉన్న వరసలోదే, హాని చేసినట్టు కేసు రుజువైతే మూడు నుంచి ఏడేళ్లు జైలు. టూరిస్టు కారెక్కి పోతాడు, దొరికేది నువ్వు.

ఇది మన దగ్గరే అనుకోకు. కోస్టారికాలో ఆస్టియోనల్ అనే ఒడ్డు ఉంది, అక్కడికి వచ్చేదీ మన ఆలివ్ రిడ్లే తాబేలే. 2015 సెప్టెంబరులో వందల మంది ఇసుక మీద నిండిపోతే చాలా తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి వెళ్లిపోయాయి, కొందరైతే పిల్లల్ని వాటి మీద కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. ప్రకృతి టూరిజానికి పేరు మోసిన దేశంలో జరిగిన సంగతి ఇది.

నేనేదో శుద్ధపూసనని చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట పిల్లలతో చిలికా సరస్సులో డాల్ఫిన్లు చూద్దామని సాతపడ వెళ్లాను. అరగంట తిరిగితే ఒక్క వీపు కనబడింది. 'ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు, వంద ఎక్కువిస్తాను' అన్నది నేనే. ఇంకో నాలుగు బోట్లు కూడా దాని చుట్టూనే ఇంజన్లు మోగించుకుంటూ తిరిగాయి. అది మళ్లీ తేలింది ఎక్కడో దూరంగా, మా పాప 'నాన్నా, అది పారిపోతోందా' అంది. అవి ఐరావతి డాల్ఫిన్లు, అంత పెద్ద సరస్సులో నూటయాభై అటూఇటూ ఉంటాయేమో. గాలి కోసం పైకి రావాలి, చప్పుళ్లను బట్టి దారీ తిండీ వెతుక్కోవాలి, మన ఇంజను ఆ రెంటికీ అడ్డమే. బోటతన్ని ఏమనగలను, ఆశ పెట్టింది నేనయితే. 'వద్దు సార్, ఇంతకంటే దగ్గరికి పోకూడదు, ఇంజను ఆపేస్తాను, పది నిమిషాలు చప్పుడు చెయ్యకుండా కూర్చోండి' అని ఆ రోజు అతను గట్టిగా అని ఉంటే వందకి బదులు రెండొందలు ఇచ్చేవాడిని. ఆ మాట డబ్బులిచ్చే మనిషి మొహం మీద అనగలవా నువ్వు? గైడు పనిలో కష్టమైన భాగం అదే, తాబేలు ఎక్కడుందో చూపించడం మీ ఊళ్లో పదేళ్ల పిల్లాడికీ వచ్చు.

అదే చిలికా ఉత్తరపు ఒడ్డున, టాంగీ దగ్గర మంగళజోడి అని ఊరుంది, ఒకసారి వెళ్లిరా. ఒకప్పుడు పక్షులను చంపి అమ్ముకున్నవాళ్లే ఇప్పుడు ఇంజను లేని పడవల్లో గెడ వేసుకుంటూ అవే పక్షులను టూరిస్టులకు చూపించి బతుకుతున్నారు.

ఇక మీ నాన్న. ఆయన కోపం నాకు తప్పనిపించదు. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపల వేట బందు. ఏడు నెలలు! టూరిస్టుకి ముచ్చట, రిసార్టుకి గదుల అద్దె, ఆయనకి మాత్రం ఖాళీ వల. మీ తాతల నాడు వలలో తాబేలు పడితే కూర్మనాథుడని దండం పెట్టి వదిలేసేవాళ్లమని ఆ వైపు పెద్దవాళ్లు నాతో చెప్పారు, శ్రీకూర్మం మనకి ఎంత దూరం గనక. ఆ దండం పెట్టిన చేతులే ఇప్పుడు తాబేలును తిడుతున్నాయంటే తప్పు తాబేలుదీ కాదు, మీ నాన్నదీ కాదు. తాబేలు గాలి కోసం పైకి రావాలి కదా, గంటల తరబడి లాగే ట్రాలరు వలలో చిక్కితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. దాన్ని తప్పించడానికి వలలో అమర్చే పరికరం ఒకటుంది, టెడ్ అంటారు, తాబేలు బయటికి పోయే దారి ఉంటుంది అందులో. మన ట్రాలర్లు అది సరిగ్గా వాడటం లేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది. అంటే తాబేలు చస్తే దెబ్బ రొయ్యల ధరకీ తగులుతుంది. ఈ మాట మీ నాన్నకి చెప్పి చూడు, కొంచెం వింటారు.

అందుకే నా మొదటి సలహా నీ ఉత్తరంలో లేని కోర్సు: బీఎఫ్‌ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ, నాలుగేళ్లు. ఓయూఏటీ, అంటే ఒడిశా వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ల ఫిషరీస్ కాలేజీ బరంపురం పక్కన రంగైలుండలోనే ఉంది, మీ ఊరి నుంచి అంత దూరమేం కాదు. వలా తెలుసు, తాబేలూ తెలుసు, వేటకెళ్లే ఇంట్లో పుట్టావు, మత్స్యశాఖలో ఇలాంటి మనిషి ఉంటే మీ పల్లెవాళ్లకి ఎంత లాభమో. అక్కడ సీటు రాకపోతే బరంపురంలోనే జువాలజీ తీసుకుని బీఎస్సీ చెయ్యి. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థలో వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీలు ఉన్నాయి, పోటీ గట్టిదే గానీ మీ ఒడ్డు మీద నువ్వు గడిపిన రాత్రులు అక్కడ దరఖాస్తులో రాసుకోదగ్గవే.

మామయ్య చెప్పిన బీబీఏ? చెడ్డదేం కాదు. కేంద్ర పర్యాటక శాఖ కిందున్న టూరిజం ఇన్‌స్టిట్యూట్‌కి భువనేశ్వర్‌లోనూ నెల్లూరులోనూ క్యాంపస్‌లున్నాయి, హోటళ్లకీ ట్రావెల్ కంపెనీలకీ ఆ దారి బాగానే ఉంటుంది. కానీ ఒక్క విషయం మామయ్యకి తెలిసి ఉండదు: రేపు నీకు ఐఎఫ్‌ఎస్ రాయాలనిపిస్తే, అదే అటవీశాఖ పెద్ద ఉద్యోగం, దానికి జువాలజీ, బోటనీ, వెటర్నరీ, వ్యవసాయం, ఇంజనీరింగ్ లాంటి డిగ్రీ ఉండాలి, బీబీఏ పనికిరాదు. టూరిజం తర్వాతైనా చదవచ్చు, సైన్స్ వదిలేస్తే వెనక్కి రావడం కష్టం.

చదువుకుంటూ సీజన్‌లో గైడు పని మానక్కర్లేదు. అటవీశాఖ వాళ్లు సీజన్‌కి మీ ఊరి కుర్రాళ్లనే కాపలాకి పెట్టుకుంటారు, ముందు రేంజి ఆఫీసుకెళ్లి పేరివ్వు, వాళ్లకి చెప్పకుండా ఎవరినీ ఒడ్డుకు తీసుకెళ్లకు. తెలుగూ, ఒడియా, కాస్త హిందీ వచ్చినవాడివి, శ్రీకాకుళం నుంచీ వైజాగ్ నుంచీ గోపాల్‌పూర్‌కి వచ్చేవాళ్లకి వాళ్ల భాషలో 'ఫ్లాష్ ఆపండి' అని చెప్పేవాడు దొరకడం తేలికేం కాదు.

ఇంకొకటి, ఇది ఈ వారమే చెయ్యి. రెసిడెన్స్ సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్, ఆధార్, మార్కుల మెమో నాలుగూ పక్కపక్కన పెట్టి ఇంటిపేరు చూడు. మనవాళ్లకి ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగ్ ఉంటుంది, ఒడియాలో రాసినవాడు ఒకలా, ఇంగ్లీషులో టైపు చేసినవాడు ఇంకోలా. తేడా ఉంటే ఇప్పుడే తహసీల్ ఆఫీసు చుట్టూ తిరుగు, కౌన్సెలింగ్ నాడు పరిగెత్తితే అవ్వదు.