టెక్ సందేహాలు: వేవ్‌ఫామ్ మీద వేలు పెడితే అక్కడి నుంచే వినిపించాలంటే

ప్రశ్న: మా నాన్నగారు కోనసీమ ఊళ్లలో శ్రీరామనవమి పందిళ్లలోనూ దసరా ఉత్సవాల్లోనూ హరికథలు చెప్పేవారు. ఆ క్యాసెట్లను ఎంపీ3లుగా మార్చి ఒక వెబ్‌సైటులో పెట్టాను. ఒక్కో ఫైలు 45 నిమిషాలు ఉంటుంది. ఏ కీర్తన ఎక్కడుందో కనిపించాలని ప్లేయరుకు వేవ్‌సర్ఫర్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీతో వేవ్‌ఫామ్ (ధ్వని హెచ్చుతగ్గులను చూపే గీతల బొమ్మ) జోడించాను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది కానీ, మా అక్కయ్య ఫోన్లో పేజీ కాసేపు బిగుసుకుపోయి మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటోంది. లైబ్రరీ మార్చాలా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: లైబ్రరీ మార్చనక్కరలేదు. దానికి అప్పగించిన పని తీరు మార్చాలి. మీరు ఆడియో చిరునామా ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే, వేవ్‌సర్ఫర్ ఆ ఫైలు మొత్తాన్ని దించుకుని, బ్రౌజర్‌లోని వెబ్ ఆడియో సౌకర్యంతో దాన్ని డీకోడ్ చేయించి, అంటే కుదించిన ధ్వనిని పూర్తి నమూనాలుగా విప్పించి, ఆ తరువాతే గీతలు గీస్తుంది. 64 కేబీపీఎస్ మోనోలో 45 నిమిషాల ఎంపీ3 సుమారు 22 మెగాబైట్లు ఉంటుంది. డీకోడ్ చేశాక లెక్క వేరు. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 4 బైట్లు, స్టీరియో అయితే రెండు చానెళ్లు. అంటే నిమిషానికి 21 మెగాబైట్లకు పైగా, మొత్తం ఫైలుకు దాదాపు 950 మెగాబైట్లు, మోనో అయితే సగం. వేవ్‌సర్ఫర్ 7వ వెర్షన్ ఈ భారం తగ్గించడానికి డీకోడింగ్ రేటును సెకనుకు 8,000 నమూనాలకు దించి అడుగుతుంది కాబట్టి చివరికి మిగిలేది అందులో ఐదో వంతు కన్నా తక్కువే. అయినా ఫైలు మొత్తాన్ని దించుకుని విప్పే పని మాత్రం తప్పదు. మీ అక్కయ్యగారి ఫోను కాసేపు పెనుగులాడి, మెమరీ చాలక పేజీని వదిలేసి మళ్లీ తెరుస్తున్నదని ఈ లక్షణాన్ని బట్టి అర్థమవుతోంది.

తినేవాళ్లందరికీ ధాన్యం బస్తాలు పంపి ఎవరింట్లో వాళ్లను దంచుకోమనడం ఎలాంటిదో, వినే ప్రతి ఫోను చేతా ఒకే ఫైలును డీకోడ్ చేయించడం అలాంటిది. కథ ఎప్పటికీ మారదు, దాని వేవ్‌ఫామూ మారదు. కనుక మీ కంప్యూటర్లో ఒక్కసారి లెక్క కట్టి, ఆ అంకెలను చిన్న ఫైలుగా సైటులో ఉంచితే సరిపోతుంది.

ఇందుకు బీబీసీ పరిశోధన విభాగం తయారుచేసి ఉచితంగా విడుదల చేసిన ఆడియోవేవ్‌ఫామ్ అనే కమాండ్‌లైన్ ప్రోగ్రాం ఉంది. ఆడియో ఫైలు ఇచ్చి, సెకనుకు ఎన్ని బిందువులు కావాలో, 8 బిట్లా 16 బిట్లా అన్నది చెబితే, ఒక్కో బిందువు దగ్గర ధ్వని ఎంత కిందికి, ఎంత పైకి వెళ్లిందో రెండేసి అంకెలుగా జేసన్ ఫైలులో రాసి ఇస్తుంది. మీకు సెకనుకు 10 బిందువులు చాలు. 45 నిమిషాలంటే 2,700 సెకన్లు, 27,000 బిందువులు, 54,000 అంకెలు. 8 బిట్ల బైనరీగా అయితే ఇది 54 కిలోబైట్లే. జేసన్‌లో అంకెలను అక్షరాలుగా రాస్తారు కాబట్టి అంతకు మూడు నాలుగు రెట్లు కావచ్చు, సర్వర్లో జీజిప్ (పంపేముందు ఫైలును కుదించే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే అదీ బాగా తగ్గుతుంది. 22 మెగాబైట్ల పక్కన ఇది లెక్కలోకే రాదు.

వేవ్‌సర్ఫర్‌కు ఈ అంకెలను పీక్స్ అనే ఆప్షన్‌లోనూ, ఫైలు నిడివిని సెకన్లలో డ్యూరేషన్ అనే ఆప్షన్‌లోనూ ఇవ్వండి. రెండూ ఇస్తే అది డీకోడింగ్ జోలికి పోదు. ఆడియోను మామూలు ప్లేయరులాగే, వింటున్నంత మేరకు కొద్దికొద్దిగా తెప్పించుకుంటుంది. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఆడియోవేవ్‌ఫామ్ ఇచ్చే 8 బిట్ల అంకెలు −128 నుంచి 127 వరకు ఉంటాయి, వేవ్‌సర్ఫర్ కోరేవి మాత్రం −1 నుంచి 1 వరకు. ముందే 128తో భాగించకపోతే తెర మీద వేవ్‌ఫామ్‌కు బదులు ఎగుడుదిగుడుల్లేని రంగు దిమ్మ కనిపిస్తుంది.

క్యాసెట్ల విషయంలో మరో చిక్కు. పందిట్లో ఎవరో మైకు స్టాండును తన్నుకుని ఉంటారు, ఆ ఒక్క చప్పుడు టేపులో అన్నిటికన్నా ఎత్తుగా రికార్డయి ఉంటుంది. అత్యధిక విలువను ప్రమాణంగా పెట్టి వేవ్‌ఫామ్‌ను సాగదీస్తే ఆ చప్పుడు దగ్గర ఒక పొడవాటి మేకు లేచి, మిగిలిన కథంతా నేలకు అంటుకుపోయినట్టు కనిపిస్తుంది. అందువల్ల అంకెలన్నిటినీ గుర్తు వదిలేసి పరిమాణం ప్రకారం వరుసలో పేర్చి, నూటికి 98వ స్థానంలో ఉన్న విలువతో భాగించండి. ఆ పైన మిగిలినవాటిని 1 దగ్గర కత్తిరించండి. పైతాన్‌లో ఇది నాలుగైదు వరుసల పని.

ఇంత చేశాక కూడా వేవ్‌ఫామ్ నుంచి మీరు ఆశిస్తున్నంత సమాచారం రాకపోవచ్చునని ముందే చెప్పడం మంచిది. ఫోన్ తెర అడ్డంగా 360 పిక్సెళ్లు అనుకుంటే, 45 నిమిషాల కథలో ఒక్కో పిక్సెల్‌లోకి ఏడున్నర సెకన్లు దూరిపోతాయి. భాగవతార్ ఒక పద్య పాదం ఎత్తుకుని, రాగం తీసి, దించేది ఆ సన్నని గీతలో ఎక్కడ కనబడుతుంది? పైగా ఆ రోజుల్లో చేతిలో పట్టుకుపోయే టేప్‌రికార్డర్లలో చాలావాటికి ధ్వని స్థాయిని తనంతట తానే సర్దుకునే ఏర్పాటు ఉండేది. మృదంగం గట్టిగా మోగితే అది తగ్గించేది, భాగవతార్ గొంతు తగ్గించి వచనం చెబితే అది పెంచేది. మంచి మిక్సర్ మీద రికార్డు చేసిన కథలో కీర్తన దట్టంగా, వచనం మాటకూ మాటకూ మధ్య సందులతో పలుచగా కనిపించి తేడా తెలుస్తుంది. మామూలు టేప్‌రికార్డర్ రికార్డింగులో రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో నడుస్తాయి.

కాబట్టి వేవ్‌ఫామ్ కన్నా దాని మీద పెట్టే పేర్లే మీ శ్రోతలకు ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. వేవ్‌సర్ఫర్‌తో వచ్చే రీజియన్స్ ప్లగిన్‌లో ప్రతి కీర్తనకూ ప్రతి ఘట్టానికీ మొదలు, చివర సెకన్లు ఇచ్చి, ఒక్కోదానికి లేత రంగు వేసి, తెలుగులోనే పేరు రాయవచ్చు. మినీమ్యాప్ ప్లగిన్ కూడా జోడిస్తే కథంతా ఒక సన్నని పట్టీగా, వింటున్న భాగం విడిగా పెద్దదిగా కనిపించేలా చేయవచ్చు. ఘట్టాలు గుర్తించడానికి కథ తెలిసినవాళ్లు కూర్చుని వినాలి, ఆ పని సాఫ్ట్‌వేర్ చేయదు. కపిలేశ్వరపురంలో హరికథా పాఠశాల ఉంది కదా, అక్కడ చదువుకున్నవాళ్లెవరైనా మీకు తెలిసి ఉంటే సాయం అడగండి.

చివరగా, ఎంపీ3లను వేరియబుల్ బిట్‌రేట్‌తో (సెకనుకు వాడే డేటా ధ్వనిని బట్టి మారేలా) చేసి ఉంటే స్థిరమైన బిట్‌రేట్‌తో మళ్లీ తయారుచేయండి. అలాంటి ఫైళ్ల మొదట్లో ఉండే స్థానాల పట్టికలో మామూలుగా 100 గుర్తులే ఉంటాయి. 45 నిమిషాల ఫైలులో రెండు గుర్తుల మధ్య దూరం 27 సెకన్లు. మధ్యలో ఎక్కడ నొక్కినా బ్రౌజర్ అంచనా మీద వెళ్లవచ్చు కనుక, కీర్తన మొదలు మీద వేలు పెడితే దాని ముందరి వచనం చివర వినిపించే అవకాశం ఉంది. డిజిటైజ్ చేసినప్పటి అసలు వేవ్ (కుదించని ఆడియో) ఫైళ్లు ఉంటే వాటి నుంచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో మార్చండి, ఎంపీ3 నుంచి ఎంపీ3కి వద్దు.

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టుగా మ్యూజిక్ ప్లేయర్ చేస్తున్నాను. పాటలు వేరే స్టోరేజీ సర్వర్లో ఉన్నాయి. పాట చక్కగా వినిపిస్తోంది, వేవ్‌ఫామ్ మాత్రం రావడం లేదు. కన్సోల్‌లో కోర్స్ అంటూ ఎర్ర అక్షరాల్లో ఏదో వస్తోంది. పాట వచ్చినప్పుడు గీత ఎందుకు రాదు?
– ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: ఈ రెండు పనులకూ బ్రౌజర్ పెట్టే నియమాలు వేరు. ఆడియో ట్యాగు ఏ సర్వర్ నుంచి అయినా పాటను తెచ్చి వినిపించవచ్చు, ఎందుకంటే అందులోని బైట్లు మీ జావాస్క్రిప్ట్ చేతికి రావు. వేవ్‌ఫామ్ గీయాలంటే ఆ బైట్లను మీ కోడ్ చదవాలి. పరాయి సర్వర్లోని ఫైలును చదవాలంటే ‘ఈ సైటుకు నా అనుమతి ఉంది’ అని ఆ సర్వర్ తన జవాబులో హెడర్ (ఫైలుకు ముందు వచ్చే చిన్న సమాచారం) పంపాలి. మీకు కన్సోల్‌లో కనిపించిన కోర్స్ (CORS) ఈ నియమం పేరే. స్టోరేజీ సెట్టింగుల్లో మీ సైటు చిరునామాను అనుమతించిన వాటి జాబితాలో చేర్చితే సమస్య తీరుతుంది. సర్వర్ మీ చేతిలో లేకపోతే పై జవాబులో చెప్పిన దారే మీకూ దారి: అంకెల ఫైలును మీ సైటులోనే పెట్టుకోండి, పాట మాత్రం అక్కడి నుంచి వస్తుంది. ఎక్కడో చదివి ఆడియో ట్యాగుకు క్రాస్ఆరిజిన్ అని జోడిస్తారేమో, సర్వర్ అనుమతి హెడర్ పంపనప్పుడు ఆ పని చేస్తే వినిపిస్తున్న పాట కూడా ఆగిపోతుంది. పేజీని ఫోల్డర్ నుంచి డబుల్ క్లిక్ చేసి తెరిచినా ఇలాంటి ఎర్ర అక్షరాలే వస్తాయి. చిన్న లోకల్ సర్వర్ నడిపి దాని ద్వారా చూడండి.

ప్రశ్న: వేవ్‌ఫామ్ చక్కగా వచ్చింది. కానీ మధ్యలో ఎక్కడ నొక్కినా పాట మళ్లీ మొదటికే వెళ్తోంది.
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: తప్పు వేవ్‌ఫామ్‌ది కాదు, సర్వర్‌ది. మధ్యలోకి దూకడానికి బ్రౌజర్ ‘ఇన్నో బైటు నుంచి పంపు’ అని అడుగుతుంది. అది తెలిసిన సర్వర్ 206 అన్న సంకేతంతో ఆ ముక్కనే పంపుతుంది, తెలియనిది 200 అని మొత్తం ఫైలును మొదటి నుంచి పంపుతుంది. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ పేజీ తెరిచి ఆడియో వరుసలో ఏ అంకె ఉందో చూడండి. పైతాన్‌తో వచ్చే చిన్న సర్వర్‌కు ఈ సౌకర్యం లేదు, దానితో పరీక్షిస్తున్నట్లయితే కారణం అదే. అపాచీ, ఎన్‌జిన్ఎక్స్ మామూలు ఫైళ్లకు ఈ పనిని వాటంతట అవే చేస్తాయి. పీహెచ్‌పీ స్క్రిప్టు గుండా పాటలు పంపుతుంటే మాత్రం ఆ ముక్కల లెక్క మీరే రాసుకోవాలి.

ప్రశ్న: మా సంఘం ప్లేయరులో వేవ్‌ఫామ్ పెట్టాక, చూపు లేని ఒక సభ్యుడు పాటను ముందుకు జరపలేకపోతున్నానని చెప్పారు. ఇంకొందరు ఫోన్లో పేజీని పైకి జరుపుతుంటే పాట ఎక్కడికో దూకుతోందంటున్నారు.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: వేవ్‌ఫామ్‌ను కాన్వాస్ మీద గీస్తారు. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ స్థలమే. కింద మామూలు రేంజ్ స్లైడర్ ఒకటి ఉంచి, దాని విలువను ‘12 నిమిషాల 5 సెకన్లు’ అన్నట్టుగా తెలుగు వాక్యంలో చదివేలా ఏరియా వాల్యూటెక్స్ట్ (aria-valuetext) అనే లక్షణంలో రాయండి, బాణం మీటలతో అయిదేసి సెకన్లు జరిగేలా చూడండి. పేజీ జరిపే ఇబ్బందికి, వేవ్‌ఫామ్ ఉన్న పెట్టెకు సీఎస్ఎస్‌లో టచ్ యాక్షన్ విలువను పాన్‌వై (touch-action: pan-y) అని ఇస్తే నిలువు కదలికను బ్రౌజర్ పేజీకే వదిలేస్తుంది. దూకడం కూడా వేలు ఆనిన క్షణాన కాక, అడ్డంగా కదలకుండా వేలు ఎత్తినప్పుడే జరిగేలా రాయండి.