ట్రైసోమీ, ట్రిప్లాయిడీ ఒకటి కాదు

రెండింటిలోనూ ‘ట్రై’ అంటే మూడే కదా, ఒకదానిలో 47, ఇంకోదానిలో 69 క్రోమోజోములు ఎలా వచ్చాయని అడిగారు. మూడు దగ్గరే ఆగకండి, ఏవి మూడో చూడండి. ట్రైసోమీలో ఒక్క క్రోమోజోముకే మూడు ప్రతులు ఉంటాయి. అంటే మామూలు 46కి ఒకటి చేరి 47. డౌన్ సిండ్రోమ్‌లో ఆ అదనపు ప్రతి 21వ క్రోమోజోముది. ట్రిప్లాయిడీలో 23 క్రోమోజోముల సమితి మొత్తం మూడుసార్లు ఉంటుంది కాబట్టి 69. ఒక అండంతో రెండు శుక్రకణాలు కలిస్తే ఇలా జరగవచ్చు.

పైచేయి వెనక ఉండే ట్రైసెప్స్‌కీ ఇదే ప్రశ్న వేయండి. అవి మూడు కండరాలు కావు, ఒకే కండరానికి మూడు తలలు. ఒకటి భుజఫలకం (భుజం వెనక రెక్క ఎముక) నుంచి, రెండు భుజాస్థి (పైచేయి ఎముక) నుంచి మొదలై మోచేతి వెనక కలుస్తాయి. ముఖానికి వెళ్లే ట్రైజెమినల్ నాడిని మూడో నాడి అనుకోవడమూ తప్పే. అది ఐదో కపాలనాడి (మెదడు నుంచి నేరుగా వచ్చే నాడుల్లో ఐదోది), శాఖలు మూడు. స్పర్శ మూడింటిలోనూ ఉంటుంది గానీ నమిలే కండరాలను కదిలించేది మూడో శాఖ ఒక్కటే.

ట్రైకోమోనాస్ అనే ఏకకణ పరాన్నజీవి పేరులో మూడు కోసం వెతకొద్దు. అక్కడున్నది ‘ట్రైకో’, గ్రీకులో వెంట్రుక. దవడ బిగుసుకుపోయే ట్రిస్మస్‌లోనూ మూడు లేదు. అనుమానం వస్తే ‘ట్రై’ తీసి ‘బై’ గానీ ‘మోనో’ గానీ పెట్టి చూడండి. బైసెప్స్, బైకస్పిడ్, మోనోసోమీ, మోనోగ్లిసరైడ్ అన్నీ నిజమైన పదాలే. ‘బైకోమోనాస్’ అనే మాటే లేదు.