రిపోర్టులు బాగున్నాయి, ఒంట్లో మాత్రం బాగాలేదు

ప్రశ్న: మాది చీమకుర్తి. మా వారు గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ పని చేస్తారు, జీతం 19,000. నేను బట్టలు కుట్టి 9,000 దాకా తెస్తాను. 2020 లాక్‌డౌన్‌లో పని ఆగినప్పుడు ఆయనకు కరోనా రాలేదు గానీ గుండె బరువు, నీరసం, నిద్ర లేదు. ఒంగోలులో చూపిస్తే రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు. పనిలోకి వెళ్లాక తేరుకున్నారు. మళ్లీ అలాంటి రోజులొస్తే ఎలాగని ఏడాదికి 40,000 కట్టే జీవిత బీమా పాలసీ తీసుకుందామనుకుంటున్నాం. పొదుపు 60,000 ఉంది. నగల మీద రెండు చీటీలుగా 1,20,000 అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. బియ్యం కార్డు ఉంది.

జవాబు: ఆ పాలసీ వద్దమ్మా.

ఆయనది నటన కాదు, ఉత్త భ్రమా కాదు. ‘మీ ఆరోగ్యం ఎలా ఉంది?’ అని సర్వేల్లో అడిగితే, ఆదాయం తక్కువున్న ఇళ్లలో ‘బాగాలేదు’ అనేవాళ్లు ఎక్కువని చాలా దేశాల్లో తేలింది. కరోనా కాలంలో సంపాదన పడిపోయిన ఇళ్లలో డబ్బు దిగులు ఇంకా పెరిగింది. అప్పుడు మీ ఇంటికి రాకుండా పోయింది జీతం. మీరు కొనబోతున్న పాలసీ ఆగిన జీతాన్ని ఇవ్వదు. పైగా పని లేనప్పుడు కూడా ప్రీమియం కట్టమంటుంది. రెండో ఏడు కట్టలేకపోతే కట్టినదాంట్లో చాలావరకు పోతుంది.

ముందు వడ్డీ సంగతి చూడండి. నెలకు 2,400 పోతోంది! అదే నగలు బ్యాంకులో పెడితే ముప్పావలా వడ్డీ చొప్పున 900 అవుతుంది. చేతిలో ఉన్న 60,000తో ఒక చీటీ విడిపించి, ఆ నగలు బ్యాంకులో పెట్టండి. వచ్చిన డబ్బుతో రెండో చీటీ విడిపించండి. అవీ బ్యాంకులో పెడితే మీ పొదుపు మళ్లీ మీ చేతికొస్తుంది. అప్పు అంతే ఉన్నా నెలకు 1,500 మిగులుతుంది. వడ్డీ నెలనెలా కట్టేయండి, పేరుకోనివ్వొద్దు.

మిగిలిన 1,500 పోస్టాఫీసు ఆర్డీలో వేయండి. 60,000 సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి, దాన్ని కదిలించొద్దు. పని ఆగితే మీ ఇంటి ఖర్చుకు రెండు మూడు నెలలు వస్తుంది.

ఇంకోటి, ఆయన జీతం చీటీలో ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత ఉందా? 21,000 లోపు జీతగాళ్లకు వర్తించాలి. ఉంటే జబ్బు చేసి సెలవు పెట్టినప్పుడు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. కోత లేకపోతే మేనేజరును గట్టిగా అడగమనండి, ఇది దయ కాదు. ఈఎస్‌ఐ లేకుండా ఆసుపత్రిలో చేరాల్సి వస్తే బియ్యం కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ప్రైవేటు హెల్త్ పాలసీ ఈ ఏడాది అవసరం లేదనే నా అభిప్రాయం. ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా మాత్రం బ్యాంకులో ఆయన పేరున పెట్టించండి, 2 లక్షల కవరేజీ.

అంతా డబ్బు దిగులేనని తేల్చేసుకోకండి. రాతి దుమ్ములో పనిచేసేవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే, బీపీ చూపించండి. ఆయాసం అంటే మాత్రం ఏడాది దాకా ఆగొద్దు.