ఈసీటీ రోజున నర్సు చేసే పని

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి తల్లిని ఈసీటీకి (మత్తు ఇచ్చి, తలకు కొద్దిపాటి కరెంటుతో కాసేపు మూర్ఛ తెప్పించే మానసిక వ్యాధి చికిత్సకు) తీసుకెళ్తున్న ఒక కొడుకు, అక్కడ నర్సు ఏం చేస్తారని అడిగారు. 'కరెంటు పెడతారు' అనగానే ఇంటివాళ్లకు కలిగే భయాన్ని ఓపికగా వినడమే నర్సు మొదటి పని అని నా అభిప్రాయం. మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా ఈ చికిత్స చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించిందని కూడా ఆమె చెప్పాలి. పరగడుపు, కట్టుడు పళ్లు, సమ్మతి పత్రం ముందే సరిచూస్తారు. మూర్ఛ సాధారణంగా ఒక నిమిషం లోపే ముగుస్తుంది. అసలు శ్రద్ధ ఆ తర్వాతే అవసరం: రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, శ్వాస, నాడి, రక్తపోటు గమనిస్తూ, తికమకగా కళ్లు తెరిచిన మనిషికి "అమ్మా, ఆసుపత్రిలో ఉన్నారు, చికిత్స అయిపోయింది, మీ అబ్బాయి బయటే ఉన్నాడు" అని మెల్లగా, అవసరమైతే పదిసార్లయినా చెబుతారు. ఆ ఉదయపు సంగతులు మీ అమ్మకు గుర్తు లేకపోతే కంగారుపడకండి. సరిగా మింగగలుగుతున్నారని నర్సు చూసిన తర్వాతే చాయ్ ఇవ్వండి.