డైలీ యాక్టివిటీస్ అప్పజెప్తున్నా, రెండో ప్రశ్నకే దొరికిపోతున్నా!

ప్రశ్న: మాది హన్మకొండ, నయీంనగర్. బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక అమీర్‌పేటలో ఒరాకిల్ డీబీఏ (డేటాబేస్‌ను చూసుకునే అడ్మినిస్ట్రేటర్) కోర్సు చేశాను. ఏ ఇంటర్వ్యూకు పోయినా ముందు "మీ డైలీ యాక్టివిటీస్ ఏంటి?" అనే అడుగుతున్నారు. ఇన్‌స్టిట్యూట్‌లో ఇచ్చిన లిస్టు చెప్తాను, ఆ తర్వాత నోరు పెగలదు. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమెలో రాసుకోమని కొందరు సలహా ఇస్తున్నారు. నాన్నేమో ఇవన్నీ వదిలేసి గ్రూప్స్‌కు చదవమంటున్నారు. ఏం చేయాలి సార్?

జవాబు: తమ్ముడూ, ఆ లిస్టు నాకూ కంఠతా వచ్చు. అలర్ట్ లాగ్ (ఎర్రర్లు నమోదయ్యే ఫైల్) చూస్తాం, టేబుల్‌స్పేస్ (డేటా ఉండే చోటు) చూస్తాం, లిజనర్ (బయటి కనెక్షన్లు అందుకునే ప్రోగ్రామ్) నడుస్తుందో లేదో చూస్తాం, రాత్రి బ్యాకప్ పూర్తయిందా చూస్తాం. నా దగ్గరికి వచ్చే పిల్లలంతా ఇదే వరసలో, ఒకే గుక్కలో చెప్తారు. అందులో తప్పేం లేదు, డీబీఏ పొద్దున రాగానే చేసే పని నిజంగా అదే. అయితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆగేది ఆ తర్వాతి మాట దగ్గర: "చూశావు సరే, బాగా లేకపోతే ఏం చేశావ్?" నీ చేతుల్లో ఒక్క డేటాబేస్ కూడా ఇంతవరకు చెడిపోలేదు కాబట్టి నీ దగ్గర జవాబు లేదు. ముందు ఒకటి చెడగొట్టు.

దానికి ల్యాప్‌టాప్ చాలు. ఒరాకిల్ ఫ్రీ ఎడిషన్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. 2 జీబీ ర్యామ్, 12 జీబీ డేటా దాటనివ్వదు, నీకు అంతకన్నా అక్కర్లేదు కూడా. వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ వేసి దాని మీద పెట్టుకో. ఆర్కైవ్‌లాగ్ మోడ్ (మార్పుల రికార్డును కాపీ చేసి దాచే పద్ధతి) ఆన్ చేసి, ఆ కాపీలు ఉండే రికవరీ ఏరియాకు 1 జీబీ మాత్రమే ఇచ్చి, ఒక టేబుల్‌లోకి లూప్ పెట్టి లక్షల వరసలు ఎక్కించు. కాసేపటికి ఇన్సర్ట్ కదలదు. మామూలు యూజర్‌తో లాగిన్ అవుదామంటే ఓఆర్ఏ-00257 అనే ఎర్రర్ ఇస్తుంది. ఆఫీసులో అయితే సరిగ్గా ఇప్పుడే ఫోన్ మోగుతుంది, "అప్లికేషన్ హ్యాంగ్ అయింది" అని.

మార్పులన్నీ రాసుకునే రీడో లాగ్ నిండాక దాన్ని ఆర్కైవ్‌గా కాపీ చేసి పెట్టుకున్నాకే ఒరాకిల్ మళ్లీ వాడుకుంటుంది. కాపీ పెట్టే చోటే నిండిపోతే, మార్పుల రికార్డు పోగొట్టుకునే బదులు పని ఆపేస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు కంగారులో చేసేది ఒకటే: లినక్స్‌లో ఆర్‌ఎమ్ కమాండ్ కొట్టి ఆ ఆర్కైవ్ ఫైళ్లు తీసేయడం. నువ్వూ ఇంట్లో అదే చేసి చూడు. డీఎఫ్ కమాండ్ చోటు ఖాళీ అయిందనే చూపిస్తుంది, ఎర్రర్ మాత్రం పోదు. రికవరీ ఏరియా లెక్క ఒరాకిల్ తన కంట్రోల్ ఫైల్లో రాసుకుంటుంది, నువ్వు దొడ్డిదారిన తీసేసిన సంగతి దానికి తెలియదు. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌లో క్రాస్‌చెక్ చేసి, డిలీట్ ఎక్స్‌పైర్డ్ కొట్టాకే లెక్క సరిపోతుంది. అప్పటికీ గండం గడిచినట్టు కాదు. తీసేసిన ఫైల్ బ్యాకప్‌లో లేకపోతే, దానికి ముందు తీసిన పాత బ్యాకప్ నుంచి చేసే రికవరీ సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. పద్ధతిగా చేయాలంటే ఆర్‌మ్యాన్‌తోనే ఆర్కైవ్‌లను బ్యాకప్ తీసి తొలగించాలి. అంత టైం లేదా, డిస్కులో చోటుంటే రికవరీ ఏరియా సైజు పెంచి ముందు డేటాబేస్‌ను కదిలించాలి. ఇదొక్కటి నీ చేత్తో చేసి ఉంటే ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడగలవు.

తర్వాత లాక్. రెండు టెర్మినళ్లు తెరిచి, ఒకదాంట్లో ఒక వరసను అప్‌డేట్ చేసి కమిట్ కొట్టకుండా వదిలెయ్. రెండోదాంట్లో అదే వరసను అప్‌డేట్ చెయ్, అది అట్లే నిలబడిపోతుంది. కనెక్ట్ అయి ఉన్నవాళ్ల వివరాలు చూపే వీ డాలర్ సెషన్‌లో బ్లాకింగ్ సెషన్ కాలమ్ చూస్తే ఎవరు ఆపారో నంబరుతో సహా దొరుకుతుంది. కిల్ చేయడం ఒక్క లైన్ పని. చంపేముందు అది ఎవరి సెషన్, ఎంత పని రోల్‌బ్యాక్ (రద్దయి వెనక్కి) అవుతుందని కనుక్కున్నావా అన్నదే నిన్ను అడుగుతారు. లిజనర్, టేబుల్‌స్పేస్ లాంటివి ఒక సాయంత్రం పెడితే వచ్చేస్తాయి. పాస్‌వర్డ్ గడువు సంగతి మాత్రం గుర్తుంచుకో: డిఫాల్ట్ ప్రొఫైల్‌లో అది 180 రోజులు. బాగా నడుస్తున్న అప్లికేషన్ ఆర్నెల్లకు ఉన్నట్టుండి లాగిన్ కావట్లేదంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఇక బ్యాకప్. "సక్సెస్ అని వచ్చిందా చూస్తాను" అంటే చాలదు. గిట్‌ల్యాబ్ కంపెనీలో 2017 జనవరి 31న ఒక ఇంజనీర్ పొరపాటున అసలు సర్వర్‌లోనే డేటా డైరెక్టరీ తుడిచేశాడు. అక్కడున్నది పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్. రోజూ రావాల్సిన బ్యాకప్ వెతికితే లేనే లేదు. డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ 9.2, అందుకే అది ఎప్పటికప్పుడు ఫెయిలవుతూ వచ్చింది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా మధ్యలోనే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) ఒకటి ఉండబట్టి గట్టెక్కారు, ఆ తర్వాతి డేటా పోయింది. ఇదంతా ఆ కంపెనీయే దాచకుండా రాసి పెట్టింది, వెతికి చదువు. మన ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాకు పైపైన చూసి ధర కట్టరు, లోపలి కాయ తీసి చూస్తారు. బ్యాకప్‌నూ వేరే మిషన్‌లో రీస్టోర్ చేసి లోపల చూడాలి. డేటాఫైల్ ఒకటి కావాలని తీసేసి వెనక్కి తెచ్చుకో, ఎంతసేపు పట్టిందో నోట్‌బుక్‌లో రాసుకో.

దొంగ అనుభవం మాత్రం వద్దు. పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) మీద ఉండే సర్వీస్ హిస్టరీ చూస్తే నువ్వు ఎక్కడెక్కడ పనిచేశావో బయటపడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, మూడేళ్లవాడిని అనుకుని రాత్రి రెండింటికి ప్రొడక్షన్ (కస్టమర్లు నిజంగా వాడే) సర్వర్ నీ ఒక్కడికే అప్పగిస్తారు. ఫ్రెషర్ అనే రాయి. కింద ప్రాజెక్టు పేరుతో ఈ మూడు సమస్యలూ, ఎలా తెచ్చావు, ఎలా తీర్చావు అన్నవి పెట్టు. డీబీఏ పోస్టుకే పట్టుబట్టకుండా ఎల్1 (మొదటి స్థాయి) సపోర్ట్, ప్రొడక్షన్ సపోర్ట్‌కూ అప్లై చెయ్.

నాన్నతో వాదన పెట్టుకోకు, ఆరు నెలలు గడువు అడుగు. షిఫ్టుల సంగతి కూడా ఆయనకు ముందే చెప్పు. మన మడికొండ ఐటీ పార్కులో ఏదైనా దొరికితే సంతోషమే, లేదంటే హైదరాబాదే. రాత్రి షిఫ్టు ఉన్నప్పుడు రోజూ కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయిరావడం అయ్యే పని కాదు, రూమ్ తీసుకోవాల్సిందే. మొదటి జీతంలో ఆ అద్దె తీసేస్తే ఎంత మిగులుతుందో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి.