చిట్యాల దాటాక ఎండ

అల్లుడా,

డీసీఎం వ్యాన్ వదిలేసి పది టైర్ల లారీ ఎక్కుతున్నావని, సోమవారం నుంచి బెజవాడ లైన్ అని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ పూట కాలనీలో కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మీ అత్త లేచి లైటు వేసి, "వాడికి చెప్పాల్సినవన్నీ నాకెందుకు చెప్తావు, కాగితం మీద రాయి" అంది. అందుకే ఈ ఉత్తరం.

టైర్లు, బ్రేకులు, పట్టా, తాళ్లు, బండి కాగితాలు నీకు నేను చెప్పక్కర్లేదు. నిద్రొస్తే పక్కకు ఆపి పడుకో. నేను చెప్పేది ఎండ గురించి. నవ్వకు. రాత్రి డ్రైవింగ్ అంటే అందరికీ భయమే గానీ పొద్దు పొడిచే గంటకు, పొద్దు గూకే గంటకు ఎవరూ భయపడరు.

మన 65వ నంబరు హైవే హయత్‌నగర్ దాటాక తూర్పుకు పోయి, సూర్యాపేట తర్వాత ఆగ్నేయానికి వాలుతుంది. కాబట్టి డిసెంబర్, జనవరిలో పొద్దున్నే కోదాడ వైపు పోతుంటే సూర్యుడు సరిగ్గా రోడ్డు చివర కూర్చుని ఉంటాడు. మార్చిలో సాయంత్రం చిట్యాల నుంచి చౌటుప్పల్‌కు వచ్చేటప్పుడు మళ్లీ ముఖం మీదే.

అది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. మీ అమ్మకు కూడా మొత్తం చెప్పలేదు.

1996 మార్చి. అప్పుడు దాన్ని 9వ నంబరు హైవే అనేవాళ్లం. డివైడర్ లేదు. హుజూర్‌నగర్ వైపు నుంచి సిమెంటు లోడు తెస్తున్నాను. లోడింగ్ దగ్గర క్యాబిన్ తలుపు తెరిచే ఉంచాను, దుమ్మంతా లోపలికి వచ్చింది. అద్దాన్ని లోపలివైపు మెడలోని టవల్‌తో ఒకసారి అలా తుడిచి బయల్దేరాను. మధ్యాహ్నమంతా బాగానే కనిపించింది. చిట్యాల దాటాక, ఆరు కావస్తుండగా, పొద్దు సూటిగా ఎదురైంది. అద్దం మొత్తం పాలు పోసినట్టు తెల్లబడింది. టవల్ గీసిన చారలు తప్ప ఇంకేమీ లేదు.

వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. తీయలేదు. వెనక బస్సువాడు హారన్ మీద హారన్. పైగా ఆ రోడ్డు నాకు కంఠతా వచ్చు, కాస్త ముందుకు పోతే చింతచెట్ల నీడ వస్తుందని తెలుసు. అంతవరకు ఏమవుతుందిలే అనుకున్నాను. 50లో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. కళ్లు మూసుకున్నట్టే, గుర్తు మీద నడిపాను అల్లుడా. నా గుర్తులో చెట్లున్నాయి, గుంతలున్నాయి, కల్వర్టు ఉంది. సైకిల్ మీద పాల క్యాన్లతో పోయే మనిషి లేడు.

క్లీనర్ కేక వేశాడు. స్టీరింగ్ కుడికి లాగాను. ఎదురుగా బండి రాకపోవడం నా అదృష్టం. అయినా బంపర్ మూల క్యాన్‌కు తగిలి ఆయన కింద పడ్డాడు. కాలు విరిగింది. పాలు రోడ్డు మీద కాలవ కట్టాయి. మూడో రోజు ఆసుపత్రికి పోతే తిడతాడనుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, "నేను నీకు కనబడలేదా అన్నా?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఏం చెప్పను? కనబడలేదు, నిజమే. కానీ నాకేమీ కనబడటం లేదని ఆ క్షణంలో నాకు తెలుసు కదా.

ఇప్పటికీ పొద్దుగూకే వేళ సైకిల్ గంట వినిపిస్తే నా కుడికాలు దానంతటదే బ్రేకు వెతుక్కుంటుంది.

ఇక నీ సంగతి. మొన్న దసరాకు నీ డీసీఎం ఎక్కినప్పుడు చూశాను. డ్యాష్‌బోర్డు మీద మెరిసే గుడ్డ, అద్దానికి దండలు, బొమ్మలు. ఎండలో అవన్నీ అద్దంలో తేలతాయి. దేవుడి ఫొటో ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్. అద్దం లోపలివైపు వేలితో రాస్తే జిడ్డుగా పసుపు అంటింది. అది సిగరెట్ పొగ. నాకు తెలియదనుకున్నావు, నీ అద్దమే చెప్పింది. మానెయ్యమని మీ అమ్మ చెప్తుందిలే, నేను అద్దం తుడవమంటున్నాను. లోపలా బయటా, రోజూ, ఎండలో నిలబెట్టి చూసి మరీ తుడువు. గీతలు పడ్డ వైపర్ రబ్బర్లు మార్చు.

ఎండ కొట్టినప్పుడు సన్‌వైజర్ దించు, స్పీడు మెల్లగా తగ్గించు, సడన్ బ్రేకు వద్దు, నీ వెనకవాడికీ అదే ఎండ. ముందు బండి బ్రేకు లైటు వెలిగిందో లేదో ఆ వెలుగులో తెలియదు, అందుకే దూరం రెట్టింపు ఉంచు. చూపు ఎడమ అంచు తెల్లగీత మీద పెట్టు. అదీ కనిపించకపోతే ఇండికేటర్ వేసి రోడ్డు దిగి, డాబా దగ్గరో బంకు దగ్గరో ఆపి చాయ్ తాగు. పొద్దు అరగంటలో పోతుంది. ఓనరు లేటైందని అరిస్తే నా నంబరు ఇవ్వు.

ఎండ నీ వీపు వైపు ఉంటే హాయిగా ఉందనుకోకు. రాంగ్ సైడులో వచ్చే బైకువాడికి, డివైడర్ దాటే మనిషికి నువ్వు కనబడవు. పగలైనా సరే హెడ్‌లైట్ వెయ్యి.

సోమవారం లోడు ఎక్కించుకునే ముందు ఇంటి ముందు ఆపు. మీ అత్త సకినాలు చేసింది, అద్దం తుడవడానికి పాత పేపర్లు మూట కట్టి పెట్టింది. మొదటిసారి నేనే తుడుస్తాను, స్టూలు పట్టుకో. బెజవాడ చేరాక ఫోన్ చెయ్యి, బండి ఆపి.

మీ మామ