పది లక్షలు లేకపోతే రిస్కు ఫండ్ కొనకూడదా?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు: "నా డబ్బు నా ఇష్టం కదండీ, రిస్కు ఫండుకి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అడ్డెందుకు?"

పూర్తిగా అడ్డు కాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లు (మామూలు మ్యూచువల్ ఫండ్ల కంటే ఎక్కువ రిస్కు తీసుకోగలిగేవి) అనుమతించారు, కాకపోతే కనీసం 10 లక్షలు పెట్టాలి. అమెరికాలో అయితే మూడు రెట్ల లెవరేజ్ ఫండ్‌ని, అంటే షేర్ల సూచీ ఎంత శాతం కదిలితే దానికి మూడు రెట్లు కదిలేదాన్ని, మామూలు బ్రోకర్ ఖాతాతోనే కొనొచ్చు. మెలిక ఏమిటంటే, ఆ మూడు రెట్లు ఏ రోజుకారోజు లెక్క. సూచీ ఒకరోజు 100 నుంచి 90కి పడి, మర్నాడు మళ్లీ 100కి లేచిందనుకోండి. 100 దగ్గరే మొదలైన ఫండ్ మాత్రం 30 శాతం పోయి 70కి పడి, మర్నాడు 33 శాతం లేచినా 93 దగ్గర ఆగిపోతుంది. సూచీకి నష్టం లేదు, మీకు 7 పోయింది!

నన్నడిగితే 10 లక్షల గీత సరైన కొలత కాదు. పొలం అమ్మిన డబ్బు చేతికొచ్చినంత మాత్రాన ఈ లెక్క తెలిసిపోదు కదా. చిన్న పరీక్ష పెట్టి అనుమతిస్తే నయం.